విదేశంలో మద్యం అమ్మే లైసెన్సు: ఏ దేశం దారి మనకు కుదురుతుంది?

మా మేనల్లుడిది రాజాం దగ్గర ఊరు. పోయిన నెల ఒక రాత్రి ఇంగ్లండ్ నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, రెస్టారెంట్‌కి షాపు దొరికేసింది. రేపు అడ్వాన్స్ ఇచ్చేస్తున్నాను. లైసెన్సుకేటుంది, తర్వాత సూసుకుందుం" అన్నాడు. ఆ 'తర్వాత' అన్న మాటకి నాకు కంగారు పుట్టింది. "ఒక్క పైసా ఇవ్వకు. ముందు నాతో అరగంట మాట్లాడు" అన్నాను. అరగంట అనుకున్నది రెండు గంటలు పట్టింది.

నేను ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో తొమ్మిదేళ్లు రెస్టారెంట్ నడిపి విజయనగరం తిరిగొచ్చేశాను. వచ్చిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. బొబ్బిలి నుంచి ఒకాయన తన కొడుకు న్యూజెర్సీలో బార్ పెడతానంటున్నాడని వచ్చాడు. చీపురుపల్లి కుర్రాడొకడు న్యూజిలాండ్‌లో కిరాణా కొట్టు తీసుకుని బీరు కూడా పెడతానన్నాడు. అందరూ అడిగేది ఒకటే: ఎక్కడ సులువు, ఎక్కడ చవక? వాళ్లతో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మన ఊరి లెక్కను పక్కన పెట్టాలి. మన దగ్గర మద్యం షాపు అంటే లాటరీ. 2024 అక్టోబరులో రాష్ట్రమంతా 3,396 షాపులకు డ్రా తీశారు. దరఖాస్తుకి 2 లక్షలు, పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. నలుగురు కలిసి పదేసి దరఖాస్తులు వేస్తారు. పేరొస్తే పండగే. గది ఎక్కడ, కౌంటర్లో ఎవరు కూర్చుంటారు అన్నది ఆ తర్వాతి మాట. అందుకే మనవాళ్లకి లైసెన్సు అంటే డబ్బూ అదృష్టమూ అనే స్థిరపడిపోయింది. నేను చూసిన దేశాల్లో మొదటి ప్రశ్న వేరు: ఈ వీధిలో, ఈ గదిలో, ఈ మనిషి మందు అమ్మితే చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది ఉంటుందా? కొన్నిచోట్ల ఆ ప్రశ్నకు కూడా అవకాశం లేదు, కోటా అయిపోయి ఉంటుంది. ఇంకొన్నిచోట్ల సీసాల అమ్మకం ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఫీజుల పట్టిక పెట్టుకుని దేశాలను పోలిస్తే మోసపోతాం. లైసెన్సు మనిషిని చూసి ఇస్తారా, గదిని చూసి ఇస్తారా, జనాభా లెక్కను చూసి ఇస్తారా అన్నది చూసి పోల్చాలి.

దానికంటే ముందు వీసా. ఇది చాలామంది దాటేస్తారు. ఇంగ్లండ్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు సొంత వ్యాపారం చేయకూడదు. న్యూజిలాండ్‌లోనూ అంతే. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీదున్నవాడికి ఏ వ్యాపారంలోనూ చెయ్యి పెట్టే హక్కు లేదు. అమెరికాలో హెచ్1బి మీదున్నవాడు షాపులో డబ్బు పెట్టినా, అందులో నిలబడి పని చేయకూడదు. పెట్టుబడి పెట్టి వ్యాపారం నడుపుకునేవాళ్లకు అమెరికా ఇచ్చే ఇ2 వీసా భారతీయులకు అసలు లేదు. ఫ్రెండ్ పేరు మీద లైసెన్సు తీసి వెనక నుంచి నడుపుదామనే ఆలోచన వస్తే అక్కడే ఆగిపోండి. మన ఊళ్లో బినామీ అంటే మామూలు మాటలా వినిపిస్తుంది. అక్కడ అది పట్టుబడితే షాపుతో పాటు వీసా కూడా పోతుంది.

మా మేనల్లుడి విషయంలో ఈ గండం లేదు. వాడి భార్య నర్సు, ఆమెకు స్కిల్డ్ వర్కర్ వీసా. వాడు డిపెండెంట్ మీద ఉన్నాడు కాబట్టి సొంతంగా వ్యాపారం చేసుకోవచ్చు. సగం దారి ఆ అమ్మాయి వేసింది.

ఇక ఇంగ్లండ్. నాకు లోతుగా తెలిసింది అదే కాబట్టి ఎక్కువ చెబుతాను. అక్కడ 2003 నాటి లైసెన్సింగ్ చట్టం నడుస్తోంది. లైసెన్సులు రెండు: ఒకటి మనిషికి, ఒకటి గదికి. మనిషిది పర్సనల్ లైసెన్స్. పద్దెనిమిదేళ్లు నిండాలి, నేరాల రికార్డు కాగితం తెచ్చుకోవాలి, ఒక పరీక్ష పాసవ్వాలి. 40 ప్రశ్నలు, 40 నిమిషాలు, 28 సరైతే పాస్. ఒక రోజు క్లాసు విని, రాత్రి ఒకసారి చదువుకుంటే మన డిగ్రీ పిల్లలెవరైనా రాసేయగలరు. ఫీజు 37 పౌండ్లు. 2015 నుంచి దీన్ని రెన్యువల్ చేయించుకోనక్కర్లేదు, ఒకసారి వస్తే ఉన్నట్టే. 2017 ఏప్రిల్ నుంచి మాత్రం పని చేసే హక్కు ఉందని చూపించాలి.

గదిది ప్రెమిసెస్ లైసెన్స్. ఆ ఊరి కౌన్సిల్ ఇస్తుంది. ఫీజు బిల్డింగ్ పన్ను విలువను బట్టి ఉంటుంది. మన స్థాయి చిన్న రెస్టారెంట్లు ఎక్కువగా 100 లేదా 190 పౌండ్ల తరగతిలో వస్తాయి. ఆ తర్వాత ఏటా 70 లేదా 180 కట్టాలి. ఇక్కడ 2 లక్షలు లాటరీకి పోసినవాళ్లకు ఈ అంకెలు చూస్తే నవ్వొస్తుంది. కానీ అసలు పరీక్ష ఫీజు దగ్గర లేదు, ఆ తర్వాత వచ్చే 28 రోజుల్లో ఉంది.

దరఖాస్తు ఇచ్చిన మర్నాటి నుంచి 28 రోజులు షాపు అద్దానికి ఒక లేత నీలం కాగితం అంటించాలి. ఎ4 సైజు తగ్గకూడదు, అక్షరాలు దారిన పోయేవాళ్లు చదవగలిగేంత పెద్దవిగా నల్లగా ఉండాలి. ఎవరు అడుగుతున్నారు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, అభ్యంతరం ఉంటే ఎవరికి రాయాలి, అన్నీ అందులో ఉండాలి. పది పని రోజుల్లోపు స్థానిక పత్రికలో ప్రకటన కూడా పడాలి. నేను ఇక్కడే దెబ్బ తిన్నాను. ప్రకటన ఇచ్చాను గానీ, ఆ పత్రిక వారానికి ఒక్కసారే వస్తుందని చూసుకోలేదు. గడువు రెండు రోజులు దాటాక అచ్చయింది. మళ్లీ మొదటి నుంచి 28 రోజులు లెక్క పెట్టాల్సి వచ్చింది. ఆ నెల అద్దె కట్టాను, వంటాయనకి జీతం ఇచ్చాను, ఒక్క గ్లాసు బీరు అమ్మలేదు. తప్పు పూర్తిగా నాది.

ఆ రెండో 28 రోజుల్లో ఇంకొకటి జరిగింది. షాపు పైన ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. శబ్దం వస్తుందని కౌన్సిల్‌కి ఉత్తరం రాశారు. అభ్యంతరం నిలబడితే కమిటీ ముందు విచారణకి వెళ్లాలి. గడువు ముగిశాక 20 పని రోజుల్లో విచారణ పెడతారు, అంటే ఇంకో నెల. కొందరు లాయర్ని పెట్టుకోమన్నారు. నేను పెరుగు గారెలు ఒక డబ్బాలో పెట్టుకుని మెట్లెక్కాను. ఆవిడ భయం బారు గురించి కాదు. ఆ గదిలో అంతకు ముందున్నవాళ్లు రాత్రి పదకొండు దాటాక ఖాళీ సీసాలు వెనక సందులో ఇనప డబ్బాలో కుమ్మరించేవారట. ఆ గలగల శబ్దానికి ఆవిడ లేచి కూర్చునేవారట. "రాత్రి తొమ్మిది దాటితే సీసాలు బయటికి తేము, పొద్దున్నే వేస్తాం. వెనక తలుపు మూసే ఉంచుతాం" అని కాగితం మీద రాసిచ్చాను. కౌన్సిల్ ఆ రెండూ లైసెన్సులో షరతులుగా చేర్చింది. ఆవిడ ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. విచారణ లేకుండానే లైసెన్సు వచ్చింది. తొమ్మిదేళ్లూ ఆ షరతు ఒక్కరోజు తప్పలేదు.

ఇంగ్లండ్ చట్టంలో చూసేవి నాలుగు: నేరాలు పెరగకూడదు, జనానికి ప్రమాదం ఉండకూడదు, ఇరుగుపొరుగుకి ఇబ్బంది ఉండకూడదు, పిల్లలకు హాని జరగకూడదు. 'నాకు డబ్బు అవసరం' అన్నది ఆ నాలుగింటిలో లేదు, 'వాడు నా పోటీదారు' అన్నదీ లేదు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే కౌన్సిల్ లైసెన్సు ఇవ్వాల్సిందే. చిన్న పెట్టుబడి ఉన్నవాడికి ఇది ఎంత పెద్ద ధైర్యమో చెప్పలేను. స్కాట్లండ్ చట్టం వేరు. అక్కడ ప్రజారోగ్యం అయిదో అంశం, పర్సనల్ లైసెన్సు పదేళ్లకే, సీసాల అమ్మకం ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకానే. ఇంగ్లండ్‌లో పాసైన పరీక్ష చూపించి గ్లాస్గోలో అమ్ముదామంటే కుదరదు.

మందు అమ్మడం మొదలుపెట్టాక పని మారుతుంది. మైనర్‌కి అమ్మితే అమ్మిన మనిషి మీదే కేసు, జరిమానాకి పరిమితి లేదు. అందుకే పాతికేళ్ల లోపులా కనిపించే ప్రతివాడినీ ఐడీ అడగడం అక్కడ అలవాటు. కౌంటర్ పక్కన ఒక పుస్తకం ఉంచి, ఎవరికి, ఏ టైముకి, ఎందుకు 'ఇవ్వం' అన్నామో రాసుకునేవాళ్లం. పోలీసులు వచ్చినప్పుడు ముందు అడిగింది ఆ పుస్తకమే. మొదటి నెలల్లో మా దగ్గర పని చేసిన కుర్రాళ్లకి 'ఐడీ ఉందా' అని అడగడమే పెద్ద టెన్షన్. అడగలేని మనిషిని మందు కౌంటర్‌లో నిలబెట్టొద్దు.

న్యూజిలాండ్ దారి ఇంగ్లండ్‌కి దగ్గరగానే ఉంటుంది గానీ, ఇంకా జాగ్రత్తగా చూస్తారు. 2012 నాటి చట్టం. స్థానిక కౌన్సిల్ కింద ఉండే కమిటీ నిర్ణయిస్తుంది. పోలీసులు, ఆరోగ్య అధికారి, లైసెన్సింగ్ ఇన్‌స్పెక్టర్ ముగ్గురూ చూస్తారు. కూర్చుని తాగే చోటికి ఒక లైసెన్సు, కొనుక్కెళ్లే చోటికి ఇంకొకటి. మందు అమ్మే సమయమంతా మేనేజర్ సర్టిఫికెట్ ఉన్నవాడు డ్యూటీలో ఉండాలి, వాడికి ఇరవై ఏళ్లు నిండాలి. నాకు బాగా నచ్చింది, మొదటి లైసెన్సు ఒక ఏడాదికే ఇవ్వడం. ఆ ఏడాది నువ్వెలా నడిపావో చూసి తర్వాత మూడేళ్లకు పొడిగిస్తారు. క్రమశిక్షణగా నడిపే మనిషికి ఇది మేలే.

చీపురుపల్లి కుర్రాడికి మాత్రం నేను వద్దనే చెప్పాను. అక్కడ వీధి మూల కిరాణా కొట్టుని డెయిరీ అంటారు. చట్టం ప్రకారం డెయిరీకి, పెట్రోల్ బంక్ కొట్టుకి మందు లైసెన్సు ఇవ్వరు. నిజమైన సూపర్‌మార్కెట్‌కో, పెద్ద కిరాణాకో ఇచ్చినా బీరు, వైన్ లాంటివే, విస్కీ, బ్రాందీ లేవు. వాడు చూసిన కొట్టులో రొట్టెలు, సిగరెట్లు, చాక్లెట్లు. దాంట్లో బీరు రాదు. వ్యాపారం లెక్కంతా ఆ బీరు మీదే వేసుకున్నాడు పాపం. అడ్వాన్స్ కట్టకముందే వచ్చి అడిగాడు, అది మంచిదైంది.

ఆస్ట్రేలియాలో రాష్ట్రానికో చట్టం. మెల్‌బోర్న్‌లో బిర్యానీ హోటల్ పెట్టేవాళ్లకి విక్టోరియా రాష్ట్రపు రెస్టారెంట్ అండ్ కేఫ్ లైసెన్స్ సరిపోతుంది. షరతు: అక్కడ ప్రధాన పని భోజనం అయ్యుండాలి, ఏ సమయంలోనైనా వచ్చినవాళ్లలో కనీసం 75 శాతం మందికి కుర్చీ, బల్ల ఉండాలి. కస్టమరే తన సీసా తెచ్చుకునే పర్మిట్ విడిగా ఉంది. మొదటి ఏడాది దాంతో నడిపి, గిరాకీ చూసుకుని పూర్తి లైసెన్సుకి వెళ్లడం నాకు తెలివైన దారి అనిపిస్తుంది. సర్వ్ చేసేవాళ్లకి ఆర్ఎస్ఏ అని, మందు బాధ్యతగా అమ్మడం నేర్పే కోర్సు ఒకటుంది. సిడ్నీలోనూ ఆ కోర్సు ఉంది గానీ రాష్ట్రాల మధ్య నియమాల్లో తేడాలుంటాయి.

అమెరికా దగ్గర బొబ్బిలి ఆయన కథ చెప్పాలి. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు మందు మీద అధికారం రాష్ట్రాలకు వదిలేశారు. అందుకే యాభై రాష్ట్రాలు, యాభై పద్ధతులు. న్యూజెర్సీలో ఊరి జనాభాలో 3,000 మందికి ఒక బార్ లేదా రెస్టారెంట్ లైసెన్సు, 7,500 మందికి ఒక సీసాల షాపు లైసెన్సు అని లెక్క. చాలా ఊళ్లలో కోటా ఎప్పుడో నిండిపోయింది. కొత్తది పుట్టదు, ఉన్నదాన్ని ఎవరి దగ్గరైనా కొనాలి. ధర లక్షల డాలర్లలో ఉంటుంది, మంచి ఊళ్లలో మిలియన్ కూడా దాటుతుంది. ఆ లెక్క విన్నాక ఆ పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. భోగాపురం వైపు భూమి అమ్మి పంపిద్దామనుకున్నారట.

ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇది: భూమి అమ్మించొద్దు. న్యూజెర్సీలో లైసెన్సు లేని రెస్టారెంట్లలో కస్టమర్ తన వైన్, బీరు తెచ్చుకోవచ్చు. ఊరి మున్సిపాలిటీ వద్దంటే తప్ప అభ్యంతరం లేదు. గ్లాసులు ఇవ్వొచ్చు గానీ దానికి డబ్బు తీసుకోకూడదు. మందు మీద లాభం రాదు, కానీ బల్లలు నిండుతాయి. వంట బాగుంటే అది చాలు. పక్కనే పెన్సిల్వేనియాకి వెళ్తే విస్కీ సీసాల అమ్మకం రాష్ట్ర ప్రభుత్వ దుకాణాలదే, ప్రైవేటు మనిషికి ఆ వ్యాపారం లేదు. టెక్సాస్‌లో కొంచెం ఊపిరాడుతుంది. పెట్రోల్ బంక్ కొట్టులో బీరు, వైన్ అమ్ముకోవచ్చు. విస్కీ షాపు విడి, ఆదివారం మూత, మిగతా రోజులు ఉదయం 10 నుంచి రాత్రి 9. అయితే కౌంటీని బట్టి మందు పూర్తిగా నిషేధం ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. కొట్టు తీసుకునే ముందు ఆ చిరునామాకే అడగాలి.

కెనడాలో రెండు రాష్ట్రాలు పోల్చి చూస్తే చాలు. అంటారియోలో విస్కీ సీసాలు ప్రధానంగా ప్రభుత్వ సంస్థ ఎల్‌సీబీవో దుకాణాల్లోనే. కానీ 2024 సెప్టెంబర్ 5 నుంచి చిన్న కిరాణా కొట్లకు కూడా బీరు, వైన్ అమ్మే అవకాశం వచ్చింది. మనవాళ్లు ఎక్కువగా ఉన్న చోటు అదే కాబట్టి చిన్న కొట్టు నడిపేవాళ్లకు ఇది నిజంగా కొత్త దారి. అల్బెర్టాలో 1993 నుంచే సీసాల షాపులు ప్రైవేటువి. పూర్తి లిక్కర్ షాపే పెట్టాలనుకునేవాడు అల్బెర్టా వైపు చూడాలి, కిరాణాతో పాటు బీరు అనుకునేవాడికి అంటారియో చాలు.

సింగపూర్ గురించి పలాస, సోంపేట వైపు వాళ్లు అడుగుతారు. వెల్డింగ్, ఫిట్టింగ్ పనులకు వెళ్లినవాళ్లు అక్కడే ఉండి చిన్న హోటల్ పెడదామనుకుంటారు. వర్క్ పర్మిట్ మీద అది జరగదని ముందే చెప్పాను. లైసెన్సులు పోలీసు శాఖ ఇస్తుంది. రెస్టారెంట్‌కి, బీరుకి మాత్రమే, సీసాలకు అని తరగతులున్నాయి. 2013 డిసెంబర్ 8న లిటిల్ ఇండియాలో బస్సు కింద పడి ఒక కార్మికుడు చనిపోయాక జరిగిన గొడవ తర్వాత 2015లో చట్టం గట్టిగా బిగించారు. రాత్రి 10.30 దాటితే సీసా అమ్మకూడదు, బయట తాగకూడదు. లిటిల్ ఇండియాలో శని, ఆదివారాలు ఇంకా కఠినం. మనవాళ్లు చేరేది సరిగ్గా ఆ రెండు రోజులే కాబట్టి అక్కడ సీసాల షాపు లెక్క నాకు కుదరదనిపిస్తుంది. భోజనంతో కూడిన హోటల్ వేరు.

గల్ఫ్ గురించి రెండు మాటలే. కువైట్‌లో మద్యం పూర్తిగా నిషేధం, సౌదీలో మనలాంటివాడికి ఈ వ్యాపారం ఊసే ఉండకూడదు, షార్జాలో కూడా నిషేధమే. దుబాయ్‌లో సీసాల అమ్మకం కొన్ని పెద్ద సంస్థల చేతిలో ఉంటుంది. ఎవరైనా ఏజెంట్ 'కువైట్‌లో లోపల లోపల నడుస్తుంది, లైసెన్సు మేం చూసుకుంటాం' అంటే ఆ మనిషిని గుమ్మం లోపలికి రానివ్వకండి. 2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ సారా తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లు వలస వెళ్లిన కూలీలే. ఆ వార్త వచ్చిన రోజు మన పల్లెల్లో ఎన్ని ఇళ్లలో ఫోన్లు చేసుకుని ఉంటారో నాకు తెలుసు.

నా తీర్పు అడిగితే చెబుతాను. చేతిలో డబ్బు తక్కువ, వంట మీద నమ్మకం ఎక్కువ, వీసా అనుమతిస్తుంది అంటే ఇంగ్లండ్. నిదానంగా, కచ్చితంగా నడిపే స్వభావం, శాశ్వతంగా ఉండే హక్కు ఉంటే న్యూజిలాండ్ లేదా విక్టోరియా. కిరాణా కొట్టు అనుభవం ఉండి కెనడాలో ఇప్పటికే స్థిరపడ్డవాళ్లకు అంటారియో. న్యూజెర్సీలో లైసెన్సు కొనడం, అప్పటికే రెండు మూడు హోటళ్లు నడుపుతున్నవాళ్ల పని.

ఇంగ్లండ్ అనుకున్నాక ఇంకో ఎంపిక ఉంది: నడుస్తున్న షాపు కొనాలా, ఖాళీ గది తీసుకోవాలా? నడుస్తున్నదానికి లైసెన్సు ఉంటే పేరు మార్పుకి 23 పౌండ్లు, సూపర్‌వైజర్ (ఆ షాపులో మందు అమ్మకానికి బాధ్యుడు, పర్సనల్ లైసెన్సు ఉన్నవాడు) పేరు మార్పుకి ఇంకో 23. నీలం కాగితం అంటించనక్కర్లేదు, ఎదురుచూపు చాలా తక్కువ. కానీ పాత షరతులన్నీ కూడా మనకే వస్తాయి. రాత్రి 10కే ముగించాలని, కెమెరాలు పెట్టాలని, ఆఖరికి గుమ్మం దగ్గర గార్డు ఉండాలని కూడా రాసి ఉండొచ్చు. పైగా లైసెన్సు ఉన్న మనిషి చనిపోయినా, దివాలా తీసినా అది రద్దయిపోతుంది. తర్వాత 28 రోజుల్లో అడగకపోతే గోడ మీద వేలాడే ఆ సర్టిఫికెట్ ఉత్త కాగితమే. షాపు అమ్మేవాడు ఆ సంగతి తనంతట తాను చెప్పడు.

మా మేనల్లుడికి దొరికింది ఖాళీ గది, అద్దె తక్కువ. అదే వీధిలో ఇంకో రెస్టారెంట్ అమ్మకానికి ఉందట, గుడ్‌విల్ కింద, అంటే షాపుకున్న పేరుకీ గిరాకీకీ, ఎక్కువ అడుగుతున్నారు. "ముందు కౌన్సిల్ వెబ్‌సైట్లో లైసెన్స్ రిజిస్టర్ తెరువు. ఆ రెండో షాపు లైసెన్సు ఎవరి పేరున ఉంది, కంపెనీ బతికే ఉందా, షరతులేంటి, చదివి నాకు పంపు" అన్నాను. మర్నాడు పంపాడు. పదకొండు షరతులు. అన్నీ కూర్చుని తెలుగులో చెప్పించుకున్నాడు. పదింటితో ఇబ్బంది లేదు. పదకొండోది, వెనక పెరట్లో రాత్రి ఎనిమిది దాటితే ఎవరినీ కూర్చోబెట్టకూడదు. వాడు గుడ్‌విల్ కట్టడానికి సిద్ధపడింది ఆ పెరడు చూసే. ఇప్పుడు ధర తగ్గించమని బేరం నడుస్తోంది. ఈలోగా పరీక్షకి డేట్ తీసుకున్నాడు. ఈసారి అడ్వాన్స్ మాట ఎత్తలేదు.